ఊరి కథతో ఊరి పటం: తరచుగా అడిగే ప్రశ్నలు

తెలంగాణలోని మా ఊరి గ్రంథాలయ బృందం, చేర్యాల నకాషీల (తరతరాలుగా బొమ్మలు గీసే కుటుంబాల) పటం సంప్రదాయాన్ని ఆధారం చేసుకొని, ఊరి కథలతో ఒక పొడవాటి పటాన్ని గీయించి, దాన్ని విప్పి కథ చెప్పించే పనిని కొన్నేళ్లుగా చేస్తోంది. ఇతర ఊళ్ల నుంచి, పాఠశాలల నుంచి, యువజన సంఘాల నుంచి పదేపదే వచ్చిన ప్రశ్నలకు మాకు తెలిసినంతలో ఇక్కడ సమాధానాలు రాశాము.

ఊరి పటం అంటే ఏమిటి?

గజం వెడల్పున్న గుడ్డ మీద, ఒకదాని కింద ఒకటిగా గళ్లు గీసి, ఒక్కో గడిలో కథలోని ఒక్కో ఘట్టాన్ని చిత్రించి, కర్రకు చుట్టి ఉంచుకునే పొడవాటి చిత్రమే పటం. కథకుడు దాన్ని పందిరి గుంజకు వేలాడదీసి, చెబుతున్న ఘట్టం వరకు మాత్రమే విప్పుతూ, చేతి పుల్లతో బొమ్మలను చూపిస్తూ పాడతాడు. సంప్రదాయ పటాల్లో వస్తువు ఒక కులపు పుట్టుక కథ గానీ ఒక పురాణ గాథ గానీ అయి ఉంటుంది. ఊరి పటంలో వస్తువు ఆ ఊరిదే: చెరువు ఎలా వెలిసింది, కట్ట మీద మైసమ్మ ఎందుకు కూర్చుంది, కరువు ఏడు ఎవరు అంబలి పోశారు, పాత ఊరు ఎందుకు పాడుబడింది అన్నవన్నీ అందులోకి వస్తాయి.

మొదట్లో మేమూ దీన్ని చిత్రకళా కార్యక్రమం అనే అనుకున్నాము. రెండో ఏటికి గానీ మాకు తెలిసిరాలేదు, ఇది ప్రధానంగా కథ చెప్పే పని అని, బొమ్మ దానికి ఊతం మాత్రమేనని. కింది సమాధానాలన్నిటి వెనుకా ఈ ఒక్క అభిప్రాయమే ఉంది కాబట్టి ముందే చెప్పి ఉంచుతున్నాము.

చేర్యాల సంప్రదాయంలో పటం ఎవరిది? గీసినవారిదా, చెప్పినవారిదా?

ఈ ప్రశ్న అడిగేవారు తక్కువ. కానీ దీనికి సమాధానం తెలియకుండా పని మొదలుపెడితే తప్పులు జరుగుతాయి.

సిద్దిపేట జిల్లాలోని చేర్యాలలో నకాషీ కుటుంబాలు పటాలు గీస్తాయి. అవి గీయించుకునేది మాత్రం ఊరూరా తిరిగి కథ చెప్పే ఆశ్రిత కులాలవారు. ముదిరాజుల దగ్గర కథ చెప్పేవారు కాకి పడగలవారు. పద్మశాలీలకు మార్కండేయుని, భావనారుషి కథ చెప్పేవారు కూనపులివారు. మాదిగలకు జాంబ పురాణం చెప్పేవారు డక్కలివారు. చాకలివారికి మడేలు పురాణం చెప్పేవారు పటంవారు. మంగలివారికి చెప్పేవారు అద్దపువారు. యాదవులకు కాటమరాజు కథ చెప్పే మందెచ్చులవారు పటానికి బదులు కొయ్యబొమ్మలను వరుసగా నిలబెట్టి చెబుతారు. ఆ బొమ్మలు చేసేదీ నకాషీలే. ఏ ఊళ్లో ఎవరు చెప్పాలన్నది వంశపారంపర్యంగా వచ్చే హక్కు. ఆ ఊళ్లు అన్నదమ్ములకు పంపకాల్లో సైతం వచ్చేవి.

అంటే ఒక పటం వెనుక ముగ్గురున్నారు: గీసే నకాషీ, చెప్పే ఆశ్రితుడు, కథ చెప్పించుకొని వినే దాత. ఎలా గీయాలో నకాషీకి తెలుసు. ఏది ముందు రావాలో, ఏ బొమ్మ దగ్గర ఎంతసేపు ఆగాలో చెప్పేవాడికి తెలుసు. ఎక్కడ తప్పు జరిగిందో వినేవాడికి తెలుసు. ఈనాడు మార్కెట్లో కనిపించే చేర్యాల బొమ్మల్లో చాలా వరకు మొదటివాడే మిగిలాడు. చట్రం కట్టి గోడకు తగిలించుకునే చిన్న చిత్రాలు, మాస్కులు, తాళంచెవుల బిళ్లలు అమ్ముడుపోవడం వల్లే నకాషీ కుటుంబాలు నిలిచాయి గనుక దాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ ఊరి పటం తలపెట్టినవారు మిగిలిన ఇద్దరినీ వెతికి పట్టుకోవాలి.

పంచాయతీ గోడ మీద బొమ్మలు వేయిస్తే సరిపోదా? ఖర్చు తక్కువ, అందరికీ కనిపిస్తుంది.

వేయించండి, అందులో తప్పేమీ లేదు. అయితే గోడ బొమ్మ కథను ఒక్కసారిగా చూపించేస్తుంది. తర్వాత ఏం జరుగుతుందోనన్న ఉత్కంఠ పటానికి ప్రాణం. చుట్టి ఉన్న గుడ్డలోంచి తర్వాతి గడి దిగివచ్చేదాకా పిల్లలు మెడలు సాచి చూస్తూ ఉంటారు. పైగా గోడ ఒకచోటే ఉంటుంది, వానకు తడుస్తుంది, నాలుగేళ్లకు దాని మీద ఎన్నికల రాతలు వస్తాయి. పటాన్ని సంకన పెట్టుకొని పక్క ఊరికి తీసుకుపోవచ్చు.

మా ఊరికి చెప్పుకోదగ్గ కథ ఏదీ లేదు. అప్పుడెలా?

ఈ మాట మాతో అనని ఊరు లేదు. సాధారణంగా సమావేశంలో మాట్లాడేవారు, అంటే సర్పంచి, ఉపాధ్యాయుడు, నలుగురు యువకులు, తమకు తెలియని కథ ఊళ్లోనే లేదనుకుంటారు. నాట్ల దగ్గర, బీడీలు చుట్టే అరుగుల మీద, బతుకమ్మ చుట్టూ తిరిగే ఆడవాళ్ల దగ్గర అడిగితే వేరే సంగతి బయటపడుతుంది. బతుకమ్మ పాటల్లో గౌరమ్మ ఒక్కతే కాదు, పుట్టింటి దారి, చెరువు తెగిన ఏడు, అన్నల చేత మోసపోయిన చెల్లెలు ఉన్నారు. "కథ చెప్పమ్మా" అంటే "నాకేం కథలొస్తయి బిడ్డా" అనే పెద్దమ్మే, "ఈ బావికి ఆ పేరెందుకొచ్చింది" అని అడిగితే పొద్దుగూకేదాకా చెబుతుంది. కాబట్టి కథ అడగకండి, పేర్ల గురించి అడగండి: బావుల పేర్లు, చెలకల పేర్లు, గుండ్ల పేర్లు, తండా పేరు, ఇంటి పేర్లు.

రాతలో ఉన్న ఆధారాలూ ఉన్నాయి. 19వ శతాబ్దం మొదట్లో ఆంగ్లేయ అధికారి కల్నల్ కాలిన్ మెకంజీ, తన సహాయకులైన కావలి సోదరుల సాయంతో ఊరూరా సేకరింపించిన కైఫీయత్తుల్లో (ఊళ్ల వృత్తాంతాల్లో), ముఖ్యంగా రాయలసీమ, కోస్తా గ్రామాలకు సంబంధించి, స్థల చరిత్రలూ దేవాలయాల కథలూ చెరువుల కథలూ దొరుకుతాయి. అనంతపురం దగ్గరి బుక్కరాయసముద్రం చెరువు తెగబోతే బసిరెడ్డి చిన్న కోడలు ముసలమ్మ ప్రాణం ఇచ్చిన కథ అలా స్థానికుల నోటి నుంచి కాగితమెక్కినదే. కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణము' కావ్యానికి వస్తువైంది అదే. తెలుగు జానపద గేయ సాహిత్యం మీద బిరుదురాజు రామరాజు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేసిన పరిశోధన, ఆ తర్వాత వచ్చిన సేకరణలు కూడా చూడదగినవి. అయితే పుస్తకంలో దొరికిన కథను యథాతథంగా పటానికి ఎక్కించవద్దు. ముందు దాన్ని ఊళ్లో చదివి వినిపించండి. "అట్ల కాదు" అని ఎవరో ఒకరు అందుకుంటారు. మీకు కావలసింది ఆ అందుకున్న కథే.

ఒకే కథను నలుగురు నాలుగు విధాలుగా చెబుతున్నారు. ఏది సరైనదని తీసుకోవాలి?

నాలుగూ రికార్డు చేయండి, ఒకటి గీయండి. ఏది గీయాలన్నది కథ చెప్పబోయే మనిషి నిర్ణయించాలి, కమిటీ కాదు. ఓటింగు పెట్టి కథను తేల్చిన ఊరిని మేము చూశాము. అక్కడ తయారైన పటంలో అందరి కథా సగం సగం ఉంది, చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. మిగిలిన మూడు కథనాలు చెప్పేటప్పుడు ఎలాగూ వస్తాయి. "కొందరు ఇట్ల గూడ అంటరు" అన్న మాట కథకుడి నోట సహజంగా పలుకుతుంది.

కథకులనూ నకాషీలనూ ఎలా పిలవాలి? ఏమివ్వాలి?

ఇంటికి వెళ్లి పిలవాలి. ఫోను చేసి "మా కార్యక్రమంలో మీకు అవకాశం ఇస్తున్నాం" అని చెప్పడం మర్యాద కాదు, ఎందుకంటే అవకాశం అడుగుతున్నది మనం. సంప్రదాయంలో కథ చెప్పినవారికి ధాన్యం, కట్నం, బట్టలు, కొన్నిచోట్ల మేకపోతు ఇచ్చేవారు. అది భిక్ష కాదు, వారి హక్కు. నేటి లెక్కలో అది రోజుకూలీ, ప్రయాణం, భోజనం, బస, వాద్యాలవారి ఖర్చు, రిహార్సలు రోజుల డబ్బు అవుతుంది. కథకుడు ఒంటరిగా రాడు. వంతపాట వారు, హార్మోనియం, తబలా లేదా మృదంగం, తాళాలు కలిపి నలుగురైదుగురు ఉంటారు. సొమ్మంతా ఒకరి చేతికి ఇచ్చి "మీరు మీరు పంచుకోండి" అనవద్దు.

నకాషీకి చదరపు అడుగు లెక్కన ధర కట్టడం వాడుకలో ఉంది. మా అనుభవంలో ఊరి పటానికి ఆ లెక్క చాలదు. కొత్త కథకు కొత్త రూపాలు కల్పించాలి. ట్రాక్టరు, కరెంటు మోటారు, రేషన్ దుకాణం నకాషీ శైలిలో ఎలా ఉంటాయో ఆలోచించడానికే వారాలు పడుతుంది. ఆ ఆలోచనకు విడిగా చెల్లించండి. ఒక సంస్థ మాకు తొలి ఏడు సాయం చేస్తూ, కళాకారులకు ప్రశంసాపత్రం, శాలువా చాలునని పట్టుబట్టింది. ఆ శాలువా కప్పించుకున్న పెద్దాయన మరుసటి ఏడు మేము ఇంటికి వెళ్లినప్పుడు మంచినీళ్లిచ్చాడు, మాట మాత్రం ఇవ్వలేదు. ఆయనను తిరిగి ఒప్పించడానికి రెండేళ్లు పట్టింది.

కుల పురాణాలు తెరిస్తే ఊళ్లో తగాదాలు రావా?

రావచ్చు. ప్రతి కుల పురాణమూ ఆ కులమే మొదటిదని, మిగతావారు తర్వాత వచ్చారని చెబుతుంది. జాంబ పురాణం జాంబవుడిని సృష్టికి ముందే నిలబెడుతుంది. ఎవరి వాకిట్లో వారు విన్నప్పుడు అది ఆత్మగౌరవం, అందరి మధ్య విన్నప్పుడు సవాలు. పాత ఏర్పాటులో ఈ చిక్కు రాలేదు, ఎందుకంటే ఒకరి కథ ఇంకొకరి వాడలో చెప్పేవారే కాదు.

ఊరి పటం ఈ విషయంలో పాత సంప్రదాయానికి కొనసాగింపు కాదు, దాన్ని దాటి వేసే అడుగు. ఆ సంగతి దాచకుండా ఒప్పుకోవడం మేలు. మేము చేసినదేమిటంటే, కుల పురాణాలను ఊరి పటంలో కలపలేదు. వాటిని వాటి వాడల్లోనే, వాటి కథకుల చేత విడిగా చెప్పించి, రావాలనుకున్నవారందరినీ పిలిచాము. మాదిగవాడలో డక్కలి కథ జరిగిన రాత్రి ఊళ్లోంచి వచ్చినవారు పదిమందే. మరుసటి ఏడు మరికొందరు వచ్చారు. ఊరి పటంలో మాత్రం చెరువు, కరువు, వలస, జాతర వంటి అందరి కథలే పెట్టాము. ఆ చెరువు మట్టి మోసింది ఎవరో, నీళ్లు ముందుగా పారింది ఎవరి పొలాలకో గడుల్లో స్పష్టంగా కనిపించాలని మా ఊరి పటం కథ చెప్పే కథకురాలు పట్టుబట్టింది, అలాగే గీశారు.

కథలో ఇవాళ్టికి రుచించని సంగతులుంటే మార్చవచ్చా?

చెరువు కట్ట నిలవడానికి కోడలిని బలి కోరే కథ తెలుగు నేల మీద ఎన్నో ఊళ్లలో ఉంది. మా ఊళ్లోనూ ఉంది. గడులకు నమూనాలు గీస్తున్నప్పుడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె, "కొడుకును ఎందుకు అడగలేదు?" అంది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. చెప్పే పెద్దమ్మ కాసేపటికి, "అడిగితె ఇయ్యరని ఎర్క" అంది. ఆ ప్రశ్న, ఆ జవాబు రెండూ ఇప్పుడు కథలో భాగమే. ఆ గడి దగ్గర పటం విప్పడం ఆపి, వింటున్నవారిలో ఒక పిల్ల చేత ఆ మాట అడిగిస్తారు. కథను మార్చలేదు, మెత్తబరచలేదు.

మా అభిప్రాయం ఇదే: ఘట్టాన్ని తీసేయవద్దు, దాని పక్కన ప్రశ్నను నిలబెట్టండి. అయితే దీనికి ఒక హద్దుంది. ఎల్లమ్మ కథ చెప్పండి, కానీ ఆ పేరుతో ఆడపిల్లలను జోగినులుగా వదిలే ఆచారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1988లోనే చట్టరీత్యా నిషేధమైంది గనుక దాన్ని వైభవంగా చిత్రించే గడి ఉండకూడదు. ఊళ్లో ఒకప్పటి జోగినులు ఎవరైనా ఉంటే, వారి అనుమతి లేకుండా వారి బతుకును పోలిన బొమ్మ అసలే గీయవద్దు.

గుడ్డను ఎలా సిద్ధం చేయాలి?

ముతక ఖాదీ గుడ్డ తీసుకోవాలి. మిల్లు గుడ్డ నున్నగా ఉండి పూతను పట్టదు. ముందుగా గంజి పెట్టి, బిగువుగా లాగి ఆరబెడతారు. పూతకు కావలసినవి మూడు: మెత్తగా వడగట్టిన తెల్లసుద్ద, చింతగింజల అంబలి, తుమ్మ జిగురు. చింతగింజలను రాత్రంతా నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, నీళ్లలో అడుగంటకుండా కలుపుతూ ఉడికిస్తే చిక్కటి జావ వస్తుంది. దానిలో నానిన తుమ్మ జిగురు, సుద్ద కలిపి గుడ్డకు మూడు సార్లు పూయాలి; ఒక పూత పూర్తిగా ఆరాకే రెండోది. ఆరిన గుడ్డను వేలితో తడితే సన్నని డప్పు చప్పుడు రావాలి, చుడితే పగలకూడదు.

మేము మొదటిసారి చేసినప్పుడు సుద్ద ఎక్కువైంది. తెల్లగా, గోడలా, చూడముచ్చటగా ఉంది. ఎనిమిది గళ్లు గీశాక కర్రకు చుట్టబోతే, ఎండిన చెరువు నెర్రెలు బారినట్టు అడ్డంగా పగిలింది. చూడటానికి వచ్చిన నకాషీ ఒక పెచ్చును గోటితో లేపి, నాలుకకు తాకించి, "జిగురు లేదు, ఇది సున్నం గోడ" అన్నాడు. పాళ్లు కొలతల్లో రాసివ్వమని అడిగితే నవ్వాడు. సుద్ద ఊరును బట్టి మారుతుంది, జిగురు ఏడును బట్టి మారుతుంది, కనుక ముందుగా జానెడు గుడ్డ మీద పూసి, ఆరబెట్టి, వేలికి చుట్టి చూడటమే కొలత. గుడ్డ పని వానాకాలంలో పెట్టుకోవద్దు. అంబలి పులుస్తుంది, పూత ఆరదు, బూజు పడుతుంది. మేము సంక్రాంతి తర్వాత మొదలుపెడతాము.

సహజ రంగులే వాడాలా? బొమ్మలకు నియమాలున్నాయా?

ఒకప్పుడు నకాషీలు ఎరుపుకు ఇంగిలీకం, పసుపుకు హరిదళం, నీలిమందు, దీపం మసి, శంఖపు పొడి వంటివి నూరి, జిగురులో కలిపి వాడేవారు. వీటిలో ఇంగిలీకంలో పాదరసం, హరిదళంలో పాషాణం (ఆర్సెనిక్) ఉంటాయి. సంప్రదాయం పేరుతో పిల్లల చేతికి వాటిని ఇవ్వడం బుద్ధితక్కువ పని. చాలా మంది నకాషీలు ఇప్పుడు నీళ్లలో కలిసే సీసా రంగులే వాడుతున్నారు, మేమూ అంతే. కుంచెలకు ఉడుత తోక వెంట్రుకలు వాడేవారు. దుకాణంలో దొరికే సన్న కుంచె చాలు.

రంగుల విషయంలో మాత్రం సంప్రదాయాన్ని పాటించడం మంచిది, ఎందుకంటే అది రాత్రిపూట దూరాన కూర్చున్నవారికి కనిపించడం కోసం ఏర్పడిన పద్ధతి. నేపథ్యం ఎర్రగా ఉంటుంది. దేవుళ్లకు నీలం, అమ్మవార్లకు పసుపు, రాక్షసులకు ముదురు గోధుమ, మామూలు మనుషులకు గులాబీ ఛాయ వాడతారు. కళ్లు పెద్దవి, మొహాలు పక్కకు తిరిగి ఉంటాయి. అన్నిటికన్నా పైగడిలో వినాయకుడు, ఆ తర్వాత సరస్వతి. మా ఊళ్లో ముస్లిం కుటుంబాలున్నాయి, పీర్ల పండుగ ఊరంతా చేసుకుంటుంది. అందువల్ల పైగడిలోనే ఒక పక్కన పీర్ల కొట్టం, అలావు గుండం కూడా గీయించాము. నకాషీ దానికి కొంచెం తటపటాయించాడు గానీ కథకురాలు అసలు తటపటాయించలేదు.

బొమ్మలు వేయడం రానివారికి ఇందులో పని ఏముంటుంది?

గీత నకాషీ గీస్తే రంగు ఊరు నింపుతుంది. గీత కూడా అందరూ గీస్తే పటం ఎగ్జిబిషన్ చార్టులా తయారవుతుంది. ఇది కొందరికి నచ్చని మాటే అయినా మా అనుభవం ఇదే. రంగు నింపడం, గడికీ గడికీ మధ్య పూలతీగ అంచు వేయడం, చింతగింజలు రుబ్బడం, కథలు రికార్డు చేయడం, పాటలు రాసుకోవడం, వంతపాట నేర్చుకోవడం, పందిరి వేయడం, వంట చేయడం ఎవరైనా చేయవచ్చు. పిల్లలకు వేరే పని కూడా ఉంది: రంపపు పొట్టు, చింతగింజల ముద్ద కలిపి కొబ్బరి చిప్ప మీద మొహాలు చేయడం. అది ఒక ఆదివారంలో అయిపోతుంది, ఇంటికి తీసుకుపోవచ్చు.

దీన్ని 'చేర్యాల పటం' అని పిలవవచ్చా? పాటలకు, కథలకు ఎవరి అనుమతి కావాలి?

చేర్యాల చిత్రాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. 1999 నాటి చట్టం ప్రకారం ఆ ప్రాంతపు హక్కుదారులు గీయని దాన్ని ఆ పేరుతో అమ్మడం నేరం. నకాషీ గీసిస్తే ఆయన పేరు, ఊరు పటం చివరి గడిలో రాయించండి. మీరే గీసుకుంటే 'ఊరి పటం' అనండి, అమ్మకానికి పెట్టకండి.

జానపద కథకు ఒక్క రచయిత లేడు గనుక దాని మీద కాపీరైటు ఉండదు. కానీ చెప్పిన మనిషికి తన ప్రదర్శన మీద హక్కు ఉంది. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రదర్శకుల హక్కును 50 ఏళ్ల పాటు కాపాడుతుంది. అందువల్ల రికార్డు చేసేముందు, దాన్ని ఎక్కడ పెట్టబోతున్నారో, డబ్బు వస్తే ఎవరికో, తెలుగులో, వారికి అర్థమయ్యే మాటల్లో చెప్పి, ఒప్పుకున్నట్టు అదే రికార్డులో చెప్పించండి. ఒక రచయిత లేదా గాయకుడు కట్టిన ఉద్యమగీతం, సినిమా పాట జానపదంలా వినిపించినా జానపదం కాదు. రచయిత మరణించిన తర్వాత 60 ఏళ్ల వరకు దాని హక్కు నిలుస్తుంది.

మాది తెలంగాణ కాదు. మా ప్రాంతంలో పటం లేదు.

అయితే పటం చేయవద్దు. మీ దగ్గర ఉన్నదాన్ని పట్టుకోండి. శ్రీసత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మల కుటుంబాలున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలును వెలుతురు పారేంత పలుచగా గీకి, ఉలితో రంధ్రాలు కొట్టి, రంగు వేసి, తెల్లటి తెర వెనుక దీపం పెట్టి ఆడిస్తారు. రామాయణ ఘట్టం ఎంత గంభీరంగా నడుస్తున్నా మధ్యలో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు దూరి ఊరి సంగతులు మాట్లాడతారు. ఊరి కథకు తోలుబొమ్మలాటలో తలుపు అదే. కొత్త రామాయణం రాయనక్కర్లేదు. మీ ఊరి నీళ్ల ట్యాంకు గురించి, దళారి గురించి కేతిగాడి చేత మాట్లాడించండి. జింక తోలు బొమ్మలు ఒకప్పుడు ఉండేవి. ఇప్పుడు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం కనుక కొత్త బొమ్మకు దాన్ని ఎవరూ అడగకూడదు.

శ్రీకాకుళం, విజయనగరం వైపువారికి తప్పెటగుళ్లు, జముకుల కథ ఉన్నాయి. పల్నాడుకు కారంపూడి వీరారాధన, పల్నాటి వీరుల కథ ఉన్నాయి. శ్రీకాళహస్తివారికి కలంకారీ ఉంది, అది గుడ్డ మీద కథే. నాగర్‌కర్నూల్ వైపు దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెరతో జానపద వీరుడు పండుగ సాయన్న కథ పాడుతుంటే బొమ్మ లేకుండానే కనిపిస్తుంది. ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది.

ఖర్చుకు డబ్బు ఎక్కడి నుంచి తేవాలి?

మా అనుభవంలో మొదటి రూపాయి ఊరిదే కావాలి. దసరాకో బోనాలకో చందాలు పోగయ్యే ఊళ్లో కథకు పోగవకపోదు. వడ్లు, బియ్యం, కట్టెలు, పందిరి సామాను డబ్బు రూపంలో రానక్కర్లేదు. తంజావూరులోని దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రం వంటి కేంద్ర ప్రభుత్వ సంస్థలకు గురుశిష్య పరంపర పథకం ఉంది, దాని ద్వారా కథకుడి దగ్గర నేర్చుకునే పిల్లలకు కొంత వేతనం దొరకవచ్చు. ఉపాధ్యాయులైతే సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రం వారి హైదరాబాదు ప్రాంతీయ కేంద్రాన్ని అడగండి. లెక్కల పుస్తకం గ్రంథాలయంలో అందరూ తిరగేసేలా ఉంచితే సగం గొడవలు పుట్టవు.

నగరంలో, విదేశాల్లో ఉన్న తెలుగువారు ఈ పని చేయగలరా?

చేయగలరు, కానీ ఏ ఊరి పటం అన్నది ముందు తేల్చుకోవాలి. హైదరాబాదు అపార్టుమెంటులో ఇరవై ఊళ్లవాళ్లుంటారు. అక్కడ పటం ఆ చోటిదే కావాలి, అంటే ఇప్పుడు పార్కింగు ఉన్నచోట ఉండిన కుంటది. విదేశాల్లోని తెలుగు సంఘాలు తమ వలస కథను గీయించుకోవచ్చు. "మా తాతగారి ఊరి పటం మాకు పంపండి" అని కొందరు రాస్తుంటారు. పటం పంపము. కథ చెప్పేటప్పుడు రమ్మంటాము.

కథ చెప్పే రాత్రికి ఏమేమి చూసుకోవాలి?

పటం మీద నేరుగా ఫ్లడ్ లైటు వేయవద్దు, బొమ్మలు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. రెండు పక్కల నుంచి పసుపు బల్బులు చాలు. మైకు కథకుడికి ఒక్కటే, వంతవారికి విడిగా ఒకటి. వేదిక వద్దు, చాపలు చాలు. ముఖ్య అతిథుల ప్రసంగాలు ఉంటే కథ పూర్తయ్యాక పెట్టండి. ముందు పెడితే పిల్లలు నిద్రపోతారు, తర్వాత పెడితే అతిథులే వద్దంటారు. వరి కోతల రోజుల్లో, పరీక్షల రోజుల్లో పెట్టుకోవద్దు. మూడు గంటల కథను నలభై నిమిషాలకు కుదించమని అడగడం కన్నా మూడు రాత్రులుగా చెప్పించడం మేలు.

పటాన్ని ఎలా భద్రపరచాలి? ఇంట్లో పాత పటం దొరికితే ఏం చేయాలి?

మడతపెట్టవద్దు. లావుపాటి గొట్టానికి వదులుగా చుట్టి, పాత నూలు చీర చుట్టి, ఎండిన వేపాకు, వస కొమ్ము వేసి, నేలకు ఎత్తుగా పెట్టండి. ప్లాస్టిక్ సంచిలో పెడితే చెమ్మ పడుతుంది. ఏడాదికి రెండుసార్లయినా విప్పాలి. కథ చెప్పినా సరే, ఊరికే గాలికి ఆరబెట్టినా సరే.

ఇంట్లో వందేళ్లు దాటిన పటం ఉంటే అది 1972 నాటి పురావస్తువుల, కళాఖండాల చట్టం ప్రకారం పురావస్తువు అవుతుంది, దాన్ని దేశం దాటించడం కుదరదు. ఇంటికి వచ్చి అయిదు వేలకు అడిగే వ్యాపారికి ఇచ్చేముందు, ప్రతి గడికీ పగటి వెలుతురులో ఫొటో తీయించి, కథ తెలిసినవారి చేత గడివారీగా చెప్పించి రికార్డు చేయండి. పాత పటం అరిగి చిరిగితే దాన్ని మూల పడేయకుండా, పూజ చేసి నీళ్లలో కలిపి, కొత్తదాన్ని గీయించుకోవడం కథకుల ఆనవాయితీ. మ్యూజియాలకు అంతుబట్టని సంగతి అదొక్కటే. మా మొదటి పటం, ఆ పగిలినది, ఇంకా గ్రంథాలయం అటక మీదే ఉంది. నీళ్లలో కలుపుదామని ఒకసారి కిందికి దించాము. కథకురాలు దాన్ని సగం విప్పి చూసి, ఇంకో సంక్రాంతి దాకా ఆగమంది.